‘అడగకుండా సైరన్ ఎలా నొక్కుతాం మేడమ్?’

గుంటూరు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటుండగా మూడేళ్ల కిందట తండ్రికి పక్షవాతం వచ్చింది. ఒక్కతే కూతురు కావడంతో ఉద్యోగం మానేసి వచ్చి, తండ్రి కట్టిన మిర్చి కోల్డ్ స్టోరేజీని చూసుకుంటున్నారు. సీజన్‌లో 80 వేల టిక్కీల (మిర్చి బస్తాల) దాకా సరుకు ఉంటుంది. పర్మినెంట్ సిబ్బంది 14 మంది, లోడింగ్ రోజుల్లో 40 మంది దాకా హమాలీలు. 22 ఏళ్లుగా మేనేజర్ ఆమె సొంత మేనమామ. తాళాలు, లెక్కలు, రైతులతో మాటలు, మెషీన్ల సంగతి అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి.

కిందటి ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున కంప్రెషర్ గదిలో ఆపరేటర్ ఆయిల్ తీస్తుండగా, గోదాంని చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాస్ లీకైంది. బయట ఉన్న 22 ఏళ్ల హెల్పర్‌కి ముందు వాసన తగిలింది. సైరన్ స్విచ్ అతనికి పది అడుగుల దూరంలోనే ఉంది. అయినా నొక్కలేదు, మేనేజర్‌కి ఫోన్ చేశాడు. ఆయన స్నానంలో ఉన్నారు. మళ్లీ చేశాడు. ఈలోగా ఆపరేటర్ తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని లోపలికి వెళ్లి వాల్వ్ కట్టేశాడు. కళ్లూ గొంతూ కాలి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. సీసీ కెమెరాలో చూస్తే, వాసన వచ్చినప్పటి నుంచి వాల్వ్ కట్టేదాకా 11 నిమిషాలు. ఆ 11 నిమిషాలూ వరండాలో తొమ్మిది మంది హమాలీలు నిద్రపోతూనే ఉన్నారు. గాలి అటువైపు లేదు కాబట్టి వాళ్లకేమీ కాలేదు.

తెల్లారేసరికి ‘గ్యాస్ పేలింది, సరుకంతా పోయింది’ అని వాట్సాప్‌లో పాకిపోయింది. అరవై మంది రైతులు గేటు దగ్గరికి వచ్చేశారు. మేనమామ గేటు వేయించి, ‘ఏమీ జరగలేదని చెప్పు’ అని వాచ్‌మెన్‌కి చెప్పారు. మధ్యాహ్నానికి రాళ్లు పడ్డాయి.

తర్వాత ఆమె ఒక కన్సల్టెంట్‌ని పెట్టి ‘ఎమర్జెన్సీ ప్లాన్’ రాయించారు. ఇంగ్లిషులో 84 పేజీలు. అది బీరువాలో ఉంది. మాక్ డ్రిల్ చేద్దామంటే మేనమామ, “22 ఏళ్లలో ఒక్కసారి, అదీ వాడి అజాగ్రత్త వల్ల. సీజన్ ముందు అపశకునం మాటలెందుకు?” అన్నారు. ఆపరేటర్‌కి పని చెయ్యని రోజుల జీతం కూడా కోశారు. అతను మానేస్తానంటున్నాడు. అమ్మేమో తమ్ముణ్ని నొప్పించవద్దంటోంది. నాన్న ఏమీ మాట్లాడరు. ఫిబ్రవరిలో కొత్త సరుకు దిగడం మొదలవుతుంది. ‘నా మనుషుల్ని ఆపదకి ఎలా సిద్ధం చెయ్యాలి? దానికి ముందు మావయ్యని తప్పించాలా?’ ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చిన్నవీ పెద్దవీ ఫ్యాక్టరీల్లో భద్రత పనే నా ఉద్యోగంగా గడిచింది కాబట్టి మీరు రాసిన ఆ తెల్లవారుజాము నాకు కళ్లకు కట్టినట్టుంది. తొమ్మిది మంది నిద్రలో ఉన్నారన్న చోట చదవడం ఆపి కాసేపు లేచి తిరిగాను.

పై సారాంశంలో నేను రాయని ఒక వాక్యం మీ ఐదో పేజీలో ఉంది. ఎప్పుడో రెండేళ్ల కిందట ఇదే హెల్పర్ ఏదో వాసన వచ్చిందని సైరన్ నొక్కాడనీ, అది పక్క షెడ్డులో ఫినాయిల్ వాసనని తేలిందనీ, మావయ్య అతన్ని హమాలీలందరి ముందూ తిట్టారనీ ఒక్క లైనులో రాసి వదిలేశారు. మీ ప్రశ్నకి జవాబులో సగం ఆ లైనులోనే ఉంది.

కెమెరా చూశాక ఎందుకు నొక్కలేదని మీరడిగితే అతను, “అడగకుండా సైరన్ ఎలా నొక్కుతాం మేడమ్?” అన్నాడని రాశారు. దాన్ని మీరు భయం అనుకున్నారు. అది భయం కాదు, అతను నేర్చుకున్న పాఠం. మీ సంస్థ రెండేళ్ల కిందటే అతనికి డ్రిల్ చేయించింది: ముందు అడుగు, తర్వాతే నొక్కు, తప్పు నొక్కితే పరువు పోతుంది. ఆ పాఠం అతను మర్చిపోలేదు, ఏప్రిల్‌లో అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. ఇంకో మాట కూడా చెప్పాలి, నొచ్చుకోకండి. ఇంట్లో మీకు కబురు అందగానే మీరు చేసిందీ అదే. మావయ్యకి తొమ్మిది సార్లు ఫోన్ చేశానని మీరే రాశారు. ఓనర్ నుంచి హెల్పర్ దాకా ఒక్క మనిషి గొంతు కోసం ఎదురుచూశారు. ఆ మనిషి స్నానంలో ఉన్నాడు. రేపు ఆయన ఏ తిరుపతిలోనో క్యూలో ఉండొచ్చు, జ్వరంతో పడుకోవచ్చు.

పెద్దవాళ్ల ముందు చిన్నవాళ్లు నోరు మెదపకపోవడం మన ఊళ్లలోనే ఉన్న జబ్బు అనుకోకండి. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవిలో రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. దట్టమైన పొగమంచు. డచ్ కంపెనీ కేఎల్ఎమ్ విమానం కెప్టెన్ టేకాఫ్ మొదలుపెట్టాడు. ఆయన ఆ కంపెనీలో ఎంతోమంది పైలట్లకు శిక్షణ ఇచ్చిన మహా అనుభవజ్ఞుడు. ఎదుటి పాన్ ఆమ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. లేదని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజనీర్ ఇక మాట్లాడలేదు. ఆ ప్రమాదం తర్వాతే, పెద్దాయన పొరబడుతున్నాడనిపిస్తే చిన్నవాడు ఆపేలా, పెద్దాయన వినేలా విమాన సిబ్బందికి కలిపి శిక్షణ ఇవ్వడం ప్రపంచమంతా మొదలైంది. దాన్ని అదృష్టానికి వదిలేయకుండా నేర్పించాల్సిన పనిగా పెట్టుకున్నారు. మీరూ అలాగే పెట్టుకోవాలి.

మీరు మూడు చిక్కుల్ని ఒకే ముడిగా వేసుకున్నారు. ఒకటి గ్యాసు. రెండోది మనుషులు నోరు విప్పకపోవడం. మూడోది మావయ్య. మూడోది తేలితే తప్ప మొదటి రెండూ కదలవని మీ భయం. నాకలా అనిపించడం లేదు. మావయ్య సంగతి చివర్న చెబుతాను. దానికంటే ముందు ఫిబ్రవరిలోపు చెయ్యగలిగిన పని చాలా ఉంది.

మొదట ఆపరేటర్ సంగతి. కోసిన జీతం అతనికి తిరిగి ఇవ్వాలి. జాలితో కాదు, అది అతనికి రావలసిన డబ్బు. ఆఫీసులో కవరు చేతిలో పెట్టడం కాకుండా వాళ్లింటికి వెళ్లి, భార్య ముందు, ‘మా తప్పు’ అని చెప్పి ఇవ్వండి. ఇలా చేస్తే మావయ్యని పదిమందిలో తక్కువ చేసినట్టు అవుతుందని మీకనిపించవచ్చు, అందులో కొంత నిజముంది కూడా. ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా చూడండి. దెబ్బ తిన్నవాడికి జీతం కోసిన చోట, మళ్లీ చిన్న లీకు వస్తే ఎవరూ చెప్పరు. తుడిచేసి, గది తలుపులు తీసి గాలాడనిచ్చి, రిజిస్టర్‌లో ‘నార్మల్’ అని రాస్తారు. మీకు తెలిసేది పెద్దది జరిగినప్పుడే.

డబ్బు ఇచ్చాక అతని దగ్గర కూర్చుని ఆ తెల్లవారుజాము గురించి వినండి. ‘ఎందుకు అలా చేశావ్’ అని అడిగితే మనిషి వెంటనే తనను తాను కాపాడుకునే మాటలే చెబుతాడు. ‘నీకు ముందు ఏం కనపడింది, తర్వాత ఏం వినపడింది’ అని అడగండి. ఆయిల్ తియ్యడం అమ్మోనియా ప్లాంట్లలో ఎక్కువ ప్రమాదాలు జరిగే పనుల్లో ఒకటి. నూనె వెంట ఒక్కసారిగా ద్రవ అమ్మోనియా తన్నుకొస్తుంది. చెయ్యి వదిలితే దానంతటదే మూసుకుపోయే స్ప్రింగ్ వాల్వ్ ఆ పాయింట్ దగ్గర ఉందా? ఆ పని ఒక్కడే చేస్తున్నాడా, ఇద్దరున్నారా? నిద్ర ముంచుకొచ్చే తెల్లవారుజామునే ఎందుకు తీస్తున్నారు? పగలు మేనేజర్ ఇంకో పని చెబుతారు కాబట్టి అని జవాబు వస్తే నేను ఆశ్చర్యపోను. ఆ వాల్వ్ మార్చడం, ఇద్దరు లేకుండా ఆయిల్ తియ్యకూడదని పెట్టడం, ఆ పనిని పగటికి మార్చడం మీ 84 పేజీల ఫైలు కంటే ఎక్కువ పని చేస్తాయి. దేనికీ పెద్ద ఖర్చు లేదు.

ఇక ఆ ఫైలు. పారెయ్యకండి, తనిఖీలకు కావాలి. కానీ ఆపద వచ్చిన రాత్రి దాన్ని ఎవరూ తెరవరు. మీకు కావలసింది మొదటి పది నిమిషాలకు తెలుగులో ఒక్క కాగితం. దాని మీద మనుషుల పేర్లు కాకుండా పనుల పేర్లు ఉండాలి. ‘రాత్రి డ్యూటీ ఆపరేటర్’, ‘గేటు వాచ్‌మెన్’, ‘ఆ పూట హమాలీల ముఠా మేస్త్రీ’. సుబ్బారావు అని రాస్తే సుబ్బారావు సెలవు పెట్టిన రోజు ఆ పని చేసేవాడు ఉండడు.

ఆ కాగితంలో మొదటి వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: ‘వాసన ఘాటుగా తగిలినవాడు ఎవరైనా, ఎవర్నీ అడగకుండా సైరన్ నొక్కాలి. తప్పుగా నొక్కినా ఒక్క మాట అనం.’ కింద మీ సంతకం, మావయ్య సంతకం, కుదిరితే నాన్నగారి సంతకం.

రెండోది, ఎటు పరుగెత్తాలో. అమ్మోనియా గాలికంటే తేలికని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. కానీ అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం. లీకైనప్పుడు చల్లటి తెల్లని పొగమంచులా నేలని పట్టుకుని పాకుతుంది. అందుకే వరండాలో కింద పడుకున్నవాళ్లకే ముందు ముప్పు. గాలి వీచే దిక్కుకి అడ్డంగా బయటపడాలి, దానికి ఎదురుగా కాని, దాని వెంట కాని కాదు. రాత్రిపూట దిక్కు తెలియడానికి గోదాం పైన కర్రకి గాలి దిక్కు చూపే ఒక గుడ్డ గొట్టం కట్టించి, దానిమీద చిన్న లైటు పెట్టించండి. కలుసుకునే చోట్లు రెండు ఉండాలి, ఒకటి తూర్పు వైపు, ఒకటి పడమటి వైపు. ఒక్క చోటే పెడితే ఏదో ఒక రోజు గాలి అటే వీస్తుంది.

తడి తువ్వాలు గురించి గట్టిగా చెప్పాలి. పారిపోయేటప్పుడు ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి అది కొంచెం ఆసరా, అంతవరకే. దాన్ని చుట్టుకుని లోపలికి వెళ్లడం ప్రాణంతో చెలగాటం. అమ్మోనియా తడిని వెతుక్కుంటూ వెళ్తుంది, అందుకే ముందు కళ్లూ గొంతూ కాలతాయి. గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాలు దాటితే ప్రాణానికి తక్షణ ముప్పు. గాలిని వడగట్టే డబ్బా మాస్కులకి కూడా ఒక హద్దుంది. వీపున సిలిండర్ నుంచి ఊపిరికి గాలి అందించే బీఏ సెట్ వేసుకుని, శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరు కలిసి, బయట మూడోవాడు కాపలా ఉండగానే లోపలికి వెళ్లాలి. మీ దగ్గర సెట్లు లేకపోతే ఎవరూ వెళ్లకూడదు. మెషీన్లు బయటి స్విచ్‌తో ఆపి, మనుషుల్ని తీసేసి, 101కి ఫోన్ చెయ్యాలి. కళ్లలో పడితే కనీసం పావుగంట ఆగకుండా నీళ్లతో కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. కారిన ద్రవం మీద బకెట్లతో నీళ్లు కొట్టకూడదు, ఇంకా వేగంగా ఆవిరవుతుంది. మీ ఆపరేటర్ ధైర్యవంతుడు, అందులో సందేహం లేదు. కానీ ఇంకోసారి ఎవరికీ అంత ధైర్యం అవసరం పడకుండా చెయ్యడమే మీ పని.

మూడోది లెక్క. మీ రిజిస్టర్‌లో 14 పేర్లే ఉంటాయి. ఆ రాత్రి ఆవరణలో ఉన్న తొమ్మిది మంది హమాలీలు ఏ కాగితం మీదా లేరు. గేటు దగ్గర ఒక పలక వేలాడదీయండి. ముఠా లోపలికి వచ్చినప్పుడు మేస్త్రీ సుద్దముక్కతో అంకె రాయాలి, వెళ్లేటప్పుడు తుడవాలి. పడుకుంటామంటే అది కూడా రాయాలి. ఫైర్ వాళ్లు రాగానే అడిగే మొదటి ప్రశ్న ‘లోపల ఎంతమంది?’ అన్నదే. దానికి ‘తెలీదండీ’ అనే జవాబు విన్న ఫైర్‌మెన్ మొహం నేను చూశాను. తెలియకపోతే వాళ్లు అన్ని గదులూ వెతకాలి, అంటే ఇంకొకరి ప్రాణాలు పణంగా పెట్టాలి.

తాళాల గురించీ ఒక మాట. నేను పనిచేసిన ఒక చోట మంటలార్పే సామాన్లన్నీ ఎర్ర రంగు బీరువాలో చక్కగా సర్ది, దొంగతనం కాకుండా తాళం వేశారు. ఒక సాయంత్రం ప్యాకింగ్ షెడ్డులో మంట లేచింది. తాళంచెవి స్టోర్స్ ఇన్‌చార్జి జేబులో ఉంది, ఆయన బావమరిది పెళ్లిలో ఉన్నాడు. బీరువా తలుపుని గడ్డపారతో పీకాం. ఆ తలుపు వంకర పోయి కీచుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీ దగ్గర కంప్రెషర్ గది, కరెంటు మెయిన్, వెనక గేటు, ఈ మూడింటి తాళాలు మావయ్య మొలతాడుకే ఉన్నాయని రాశారు. రెండో సెట్టు ఈ వారంలోనే చేయించి గేటు దగ్గర అద్దం పెట్టెలో పెట్టండి.

డ్రిల్ సంగతికి వద్దాం. హమాలీలు భయపడతారనీ, పుకార్లు పుడతాయనీ మీ బెంగ. దారులు రెండున్నాయి. చెప్పకుండా ఒక రాత్రి సైరన్ మోగిస్తే నిజంగా ఎవరేం చేస్తారో తెలుస్తుంది. కానీ ఏప్రిల్ అనుభవం ఇంకా పచ్చిగా ఉన్న మనుషులు, తోపులాటలో ఎవరికైనా కాలు విరిగితే డ్రిల్ అన్న మాటకే తలుపులు మూసుకుపోతాయి. ముందుగా చెప్పి, పగటిపూట, నెమ్మదిగా చేయిస్తే నాటకంలా అనిపిస్తుంది, కొందరు నవ్వుతారు కూడా. అయినా నేను రెండోదానితోనే మొదలుపెడతాను. మొదటిసారి అందరూ నడిచి వెళ్లి రెండు చోట్లా నిలబడి, మేస్త్రీ తల లెక్కపెట్టి, టీ తాగి రావడం. అంతే. రెండోసారి సైరన్‌తో. మూడోసారి తెల్లవారుజామున, వారం చెప్పి రోజు చెప్పకుండా. ఆ మూడోసారి మావయ్యనీ మిమ్మల్నీ ఊళ్లో లేనట్టే లెక్కవేసుకుని చేయించండి. మీ ఇద్దరూ దూరంగా నిలబడి చూడాలి, నోరు విప్పకూడదు. అది మీకే ఎక్కువ కష్టం. పక్కనున్న ఇళ్లవాళ్లకు ముందురోజు గడపగడపకీ వెళ్లి చెప్పండి, సైరన్ ఎందుకో, మోగితే వాళ్లేం చెయ్యాలో.

పక్క ఇళ్ల సంగతి ఎందుకు అంటున్నానంటే, 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి వచ్చిన తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు. 12 మంది పోయారు. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలుండి కూడా అది మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ముప్పై ఆరు స్విచ్‌లు. మీ దగ్గర ఒకటుంది. స్విచ్‌లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, నొక్కే వేలికి నమ్మకం ఉందా అన్నదే ముఖ్యం.

డ్రిల్లంటే విసుక్కునేవాళ్లు పెద్ద పెద్ద కంపెనీల్లోనూ ఉంటారు. న్యూయార్క్‌లో మోర్గాన్ స్టాన్లీ సంస్థకి భద్రత చూసిన రిక్ రెస్కోర్లా, 1993లో తమ ఆఫీసులున్న వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలిన తర్వాత, ఉద్యోగులందరితో మూడు నెలలకోసారి మెట్లు దిగే డ్రిల్ చేయించేవాడు. కోట్ల డాలర్ల బేరాలు మాట్లాడుతున్నవాళ్లు కూడా ఫోన్లు పెట్టేసి దిగాల్సిందే. సణుక్కుంటూనే దిగేవాళ్లు. 2001 సెప్టెంబర్ 11న పక్క టవర్‌కి విమానం తగిలినప్పుడు ఎక్కడివాళ్లు అక్కడే ఉండమని మైకులో చెప్పారు. రెస్కోర్లా ఆ మాట వినలేదు, చేతి మైకు పట్టుకుని తన వాళ్లని దించేశాడు. సుమారు 2,700 మంది బయటపడ్డారు. మిగిలినవాళ్ల కోసం మళ్లీ పైకెక్కిన ఆయన తిరిగి రాలేదు. ఆ రోజు మెట్లు దిగినవాళ్లు ఏం చెయ్యాలో ఆలోచించలేదు, అలవాటు ప్రకారం దిగారు. మీ హెల్పర్ వేలికి అలవాటు కావలసింది అదే.

గేటు దగ్గర రైతుల విషయంలో ఆలోచన కన్నా తొందర ఎక్కువ అవసరం. ఒక ఏడాది కష్టం మీ ఛాంబర్లలో ఉంది, చాలామంది సరుకు దించినందుకు మీరిచ్చిన రసీదు బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుని ఉంటారు. అలాంటి మనిషికి వాచ్‌మెన్ ‘ఏమీ జరగలేదు’ అంటే, ఘాటు వాసన ఇంకా గాలిలో ఉండగా, రాయి తియ్యకుండా ఎలా ఉంటాడు? మొదటి గంటలోనే మీరు బయటికి రండి. తెలిసింది చెప్పండి: ‘తెల్లారుజామున గ్యాస్ లీకైంది, ఆగింది, ఒకరికి దెబ్బ తగిలింది, ఆసుపత్రిలో ఉన్నారు.’ ఇంకా తెలియనిదీ చెప్పండి: ‘సరుకు సంగతి చూడాలి, పది గంటలకు మీలో ఐదుగురిని లోపలికి తీసుకెళ్లి చూపిస్తాం.’ పది అంటే పదికే తీసుకెళ్లండి. అప్పటికీ ఏమీ తేలకపోతే, తేలలేదని చెప్పడానికైనా పదికి రండి. తలుపులు మూసి ఉంటే ఛాంబర్లలో చల్లదనం వెంటనే పోదు కాబట్టి మొదటి గంటల్లో సరుకు కోసం ఎవర్నీ లోపలికి తోలాల్సిన పని లేదని వాళ్లకి ముందే, సీజన్ మొదట్లోనే చెప్పి ఉంచండి. రైతుల నంబర్లన్నీ ఒక మెసేజ్‌తో అందేలా ఇప్పుడే పెట్టుకోండి. పుకారు మీ కంటే ముందు ఉంటుంది, కనీసం గంట వెనకే మీ మాట కూడా చేరాలి.

ఇప్పుడు మావయ్య. మీ ముందున్న దారులు చెబుతాను, ఎంచుకోవలసింది మీరు.

ఆయన్ని తప్పించవచ్చు. చట్టప్రకారం, వ్యాపారపరంగా మీకా హక్కుంది. కానీ ఏ పైపు ఎటు పోతుందో, ఏ వాల్వ్ దేనిదో 22 ఏళ్లుగా ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేదని మీరే రాశారు. ఫిబ్రవరికి ముందు ఆయన వెళ్లిపోతే ఆ జ్ఞానం కూడా వెళ్లిపోతుంది. రైతులు ఆయన మొహం చూసి సరుకు దించుతారు. ఇంట్లో అమ్మ బాధ సరేసరి.

ఆయన్ని అలా ఉంచి, చుట్టూ తిరిగి పని చేయించుకోవచ్చు. మీరు ఒకటి చెబుతారు, ఆయన ఒకటి చెబుతారు. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తారు. ఆపద రోజున మనిషి ఎవరి మాట వినాలో తేల్చుకోలేక నిలబడిపోతాడు. మూడు దారుల్లో నాకు అన్నిటికంటే భయం ఇదే. చాలామంది గొడవలెందుకని దీన్నే ఎంచుకుంటారు.

మూడోది, ఆయనకే పెద్ద పని అప్పగించడం, రెండు విషయాల్లో మాత్రం రాజీ పడకపోవడం. ఆ రెండూ సైరన్ హక్కు, ఆపరేటర్ జీతం. మిగతా అన్నిటిలో ఆయన పెద్దరికం ఆయనకి ఉంచండి. వాల్వ్‌లన్నిటికీ నంబరు బిళ్లలు కట్టించి, పైపుల దారి గోడమీద పెద్ద బొమ్మగా గీయించే పని ఆయనది. అది ఆయన తప్ప ఎవరూ చెయ్యలేరు, ఆయనకీ తెలుసు. ఆ బొమ్మ గీసిన రోజున ఆయన విలువ అందరికీ కనపడుతుంది, ఆయన లేని రోజున ప్లాంటు కూడా నిలబడుతుంది. ఫైర్ స్టేషన్ ఆఫీసర్‌ని సీజన్ ముందు పిలిచి ఆవరణ అంతా తిప్పి చూపించడమూ ఆయనకే అప్పగించండి. ఇది నెమ్మదైన దారి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నట్టు తలూపి చెయ్యకపోవచ్చు. జనవరి నెలాఖరుకి బిళ్లలు పడకపోతే అప్పుడు మొదటి దారి గురించి ఆలోచించడానికి మీకు సాకు కాదు, కారణం ఉంటుంది.

నా మొగ్గు మూడోదానివైపే. అయితే ఆయన అహంకారి అని నేననుకోవడం లేదు. ఒక్క వాసన రాకుండా 22 ఏళ్లు నడిపిన మనిషికి ఏప్రిల్ అవమానంగా తగిలి ఉంటుంది. తన కింది మనిషి కళ్లు కాలడం ఆయనకీ నిద్ర పట్టనివ్వకపోయి ఉండొచ్చు. ‘వాడి అజాగ్రత్త’ అనడం వెనక, ‘నాది కాదు’ అని తనకి తాను చెప్పుకోవడం ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు, నెపం ఊసెత్తకుండా, “ఆ రోజు నీకేమనిపించింది మావయ్యా?” అని అడిగి చూడండి. ఎవరూ అడిగి ఉండరు.

అపశకునం అన్న మాటని కొట్టిపారెయ్యకండి. కొత్త కట్టడానికి దిష్టి గుమ్మడికాయ కడతాం, దసరాకి మెషీన్లకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం. కీడు రావచ్చని మన పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారు, రాకుండా చెయ్యాల్సింది చేశారు. మీ దగ్గర మొదటి లోడు దిగే రోజున కొబ్బరికాయ కొడతారు కదా. ఆ ఉదయమే, పూజ కాగానే, హారతి పళ్లెం ఇంకా తిరుగుతుండగానే మొదటి నడక డ్రిల్ పెట్టండి. మావయ్యే సైరన్ నొక్కి మొదలుపెడితే ఇంకా మంచిది.

నాన్నగారి మౌనం గురించి మీరు రెండు లైన్లే రాశారు. ఆయనకి మాట పూర్తిగా రాకపోయినా సంతకం పెట్టగలరేమో, పూజ రోజున కుర్చీలో వచ్చి కూర్చోగలరేమో. ఆ కాగితం చదివేటప్పుడు ఆయన అక్కడ ఉంటే చాలు, సిబ్బందికి అర్థమవుతుంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికి చెప్పే హక్కు కార్మికులకి, దానిమీద వెంటనే చర్య తీసుకోవాల్సిన బాధ్యత చట్టంలోకే వచ్చాయి. మీ కాగితం దయాదాక్షిణ్యం కాదని వాళ్లకి తెలియాలి.

చివరగా, ఒక పని ఇప్పుడే చేసి పెట్టుకోండి. మీరిదంతా చేశాక ఏదో ఒక రాత్రి సైరన్ మోగుతుంది, తీరా చూస్తే ఏమీ ఉండదు. ఎవరో యాసిడ్ పోసి బాత్రూమ్ కడిగి ఉంటారు. లోడింగ్ ఆగిపోతుంది, లారీలు రోడ్డు మీద నిలబడిపోతాయి, రెండు గంటల పని పోతుంది, మావయ్య మొహం ఎర్రబడుతుంది. ఆ హెల్పర్ స్విచ్ దగ్గర తల దించుకుని నిలబడి ఉంటాడు, అందరూ మీ వైపు చూస్తుంటారు. అప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటో ఇవాళే కాగితం మీద రాసుకోండి. నేనైతే, “బాగా చేశావురా. ఎక్కడ వచ్చింది వాసన, చూపించు” అంటాను. మీ మాట మీరు రాసుకోండి. ఆదివారం ఆపరేటర్ ఇంటికి వెళ్లేటప్పుడు ఆ కుర్రాణ్ని కూడా వెంటబెట్టుకు వెళ్లండి.